పుట్టింటివాళ్ళు బాపట్ల నుంచి వస్తున్నారు

మా వైపు ఆడమనిషి పసుపు కుంకాలతో పోతే, పుట్టింటి చీర వచ్చేదాకా లేపరు. ఎంత ఆలస్యమైనా సరే. అడవులదీవిలో మా అమ్మ పోయినప్పుడు అదే జరిగింది. మా మేనమామ సూర్యలంక నుంచి చీర పట్టుకుని బయలుదేరితే కర్లపాలెం దగ్గర బస్సు చెడిపోయింది. ఇక్కడ పాడె కట్టి సిద్ధంగా ఉంది. డప్పులవాళ్ళు కొట్టి కొట్టి పక్కింటి అరుగు మీద కూలబడ్డారు. ఎండ ముదురుతోంది, ఇక లేపుదామని పెద్దమనుషులన్నారు. మా నాయనమ్మ వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. బతికున్నన్నాళ్ళూ ఆ అత్తాకోడళ్ళకి ఒక్కపూట పడలేదు. చింతపండు పులుసు దగ్గర నుంచి వాకిట్లో ముగ్గుదాకా దేనికైనా పోట్లాటే. ఆ పూట మాత్రం నాయనమ్మ, "దాని పుట్టింటోళ్ళు రాకుండా దిక్కులేనిదాన్లాగా పంపుతారంట్రా? నన్ను దాటుకుని ఎత్తండి చూద్దాం" అన్నది. ఎవరూ ఎత్తలేదు. పొద్దు వాలే వేళకి మా మామ చెమటతో తడిసి ముద్దయి వచ్చాడు. చీర కప్పాకే అమ్మ బయలుదేరింది.

అది చూసి పెరిగినదాన్ని నేను. చచ్చినవాళ్ళు చీర కోసం ఆగుతారనే నాకు తెలుసు.

నన్ను రేపల్లె ఇచ్చారు. మూడో తరగతి దాకా చదివాను, తర్వాత అంతా చేపలే. తెల్లవారుతుండగా నిజాంపట్నం నుంచి ఆటోలో సరుకు వచ్చేది. ఏరుకుని, సత్తు బేసిన్లో ఐసుముక్కలేసి, పైన తడి గోనె కప్పి తెనాలి రైలెక్కేదాన్ని. పెట్టెలో మేం గుమ్మం దగ్గరే కూర్చునేవాళ్ళం. కాలేజీ పిల్లలు ముక్కు మూసుకుంటే మాలో ఒకామె, "మూసుకోండమ్మా మూసుకోండి, మధ్యాహ్నం పులుసులో తెరుద్దురుగాని" అనేది.

తెనాలిలో బంగారం కొట్ల వెనక ఒక సందు ఉంది. నగలు చేసే బెంగాలీవాళ్ళు అక్కడ గదులు తీసుకుని ఉంటారు. నేను తెచ్చేవి ఎక్కువ సముద్రపు చేపలు, ఆ సందులో పెద్దగా పోయేవి కావు. ఒకరోజు బేసిను దించి గోనె సర్దుకుంటుంటే ఒక పిల్ల గుమ్మంలోంచి వచ్చి వంగి చూసింది. పిల్లంటే మరీ పిల్ల కాదు, నాకంటే పదేళ్ళు చిన్నదేమో. తలమీద ముసుగు, ముక్కుకి చిన్న పుడక. రొయ్యలున్నాయి, కానాగంతలున్నాయి, వాటి జోలికి పోలేదు. అడుగున జెల్లలు కొన్ని బతికి కదులుతున్నాయి. జెల్లకి మూడు ముళ్ళుంటాయి, పొడిచిందంటే చెయ్యి భుజం దాకా లాగుతుంది. అందుకే బేరానికొచ్చినవాళ్ళెవరూ వాటిని ముట్టుకోరు, మేమే ముళ్ళు విరిచి ఇవ్వాలి. ఈ పిల్ల, నేను వద్దు వద్దంటుండగానే, మెడ వెనక రెండు పక్క ముళ్ళకీ వెనగ్గా వేళ్ళు దూర్చి ఒకదాన్ని పైకి తీసింది. జెల్ల కిర్రుమంది గాని కదల్లేకపోయింది.

ఆ పట్టు మా అమ్మది. నీళ్ళ మీద పుట్టినవాళ్ళకి తప్ప రాదు.

"టెంగ్రా" అన్నది ఆ పిల్ల, చేపని నాకు చూపిస్తూ. కళ్ళనిండా నీళ్ళు. నేను "జెల్ల" అన్నాను. తను మళ్ళీ "జెల్ల" అన్నది. అదీ మా పరిచయం.

వాళ్ళు సాయిబులు. ఆమె మగడు బంగారప్పని చేస్తాడు, నెమ్మదైనవాడు. ఒక ముసలి సాయిబు మామ్మ ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళు. మామ్మ మన తెనాలి మనిషే, తెలుగు మనలాగే మాట్లాడుతుంది. మతం ఒకటే అయినా ఆ పిల్ల మాట మామ్మకి మొదట్లో ముక్క అర్థమయ్యేది కాదు. పండగ వంట దగ్గర కూడా వాళ్ళదొక తీరు, వీళ్ళదొక తీరు. నాకు నవ్వొచ్చేది. నా చేపల బాష తప్ప ఆ ఇంట్లో ఆ పిల్లకి ఇంకో బాష లేదు.

తర్వాత్తర్వాత నేర్చుకుంది. బేరం ముగిశాక వాళ్ళ గుమ్మంలోనే నా మిగిలిన సరుకు బాగుచేసేదాన్ని. తను కత్తిపీట వేసుకుని ఎదురుగా కూర్చునేది. వాళ్ళదీ మనలాంటి కత్తిపీటే, పీట కాస్త ఎత్తు. కోస్తూ కోస్తూ కబుర్లు చెప్పేది. వాళ్ళ అమ్మగారి ఊరు ఏటికి అవతలి గట్టున. మేనత్త కొడుక్కిచ్చి చేశారు, ఇవతలి గట్టుకి వచ్చింది. మేనరికమా అయితే, అచ్చం మాలాగే, అని నేను మురిసిపోయాను. అమ్మని చూడటానికి ఎప్పుడు వెళ్ళావే అని అడిగితే కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఏటికి ఆ గట్టు ఇంకో దేశమట. పెళ్ళినాడు పడవలో వచ్చిందట. ఆ తర్వాత కంచె వేశారు, కాపలా పెట్టారు, కాగితాలన్నారు. గట్టు మీద నిలబడితే వాళ్ళింటి కొబ్బరిచెట్టు కనపడేదట. వెళ్ళటానికి లేదు.

"పండగకి అమ్మ అటు నిలబడేది అక్కా, నేను ఇటు. చీర రంగు ఒకటే కనపడేది" అన్నది.

ఫోన్లో మాత్రం కనపడేది ఆ తల్లి. ఈమె మగడు పెద్ద ఫోను కొన్నాక రోజూ మధ్యాహ్నం మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు ఫోను నావైపు తిప్పింది. బోసినోరు, తమలపాకుల ఎరుపు, వెనకాల బాతులు. నన్ను చూసి ఆమె ఏదో అడిగింది. ఏం చేప ఇవాళ అని అడుగుతోందక్కా, అని ఈ పిల్ల చెప్పింది. నేను బేసిన్లోంచి ఒకటి తీసి ఫోను ముందు పట్టుకున్నాను. ఆమె వాళ్ళ పేరు చెప్పింది, నేను మన పేరు చెప్పాను. అలా వాడుక అయిపోయింది. నేనున్నప్పుడు ఫోను కలిసిందంటే ఆ తల్లి ముందు కూతుర్ని అడగదు, నన్నే అడుగుతుంది, ఏం చేప అని. సరుకు బాగాలేనిరోజు నేను చేప తోక దాచి చూపిస్తే, అది వాడిపోయిందని అంత దూరం నుంచి కనిపెట్టి తిట్టేది. తిట్టిందని నాకెవరూ చెప్పక్కర్లేదు. తిట్టు ఏ బాషలోనైనా తెలుస్తుంది.

ఒక్కోసారి టీవీల్లో ఏదో వచ్చేది, ఎక్కడెక్కడివాళ్ళో దొంగదారిన వచ్చి ఉంటున్నారని. అప్పుడు సందులో గాలి మారిపోయేది. నా దగ్గర ఏళ్ళుగా చేపలు కొనే ఒకావిడ, చదువుకున్నావిడే, నన్ను ఆపి అడిగింది.

"ఏమే, ఆ పరాయి దేశంవాళ్ళ ఇంట్లో టీ తాగుతున్నావంటగా? రేపు పోలీసులు అడిగితే నీ పేరు కూడా రాసుకుంటారు."

"రాసుకోమనండమ్మా" అన్నాను. "మాది అడవులదీవండి. మాకూ చుట్టూ నీళ్ళే, నేనూ ఏటికి అవతల నుంచి వచ్చినదాన్నే."

ఆవిడ నవ్వింది. కానీ ఆ వారం చేపలు తీసుకోలేదు.

ఒకనాడు ఆ పిల్ల ఎదురింట్లో ఒక పెద్దముత్తైదువ పోయింది. వీధంతా జనం. పాడె కట్టారు గాని కదలటం లేదు. మా పిల్ల గుమ్మంలో నా పక్కన కూర్చుని, ఎందుకు ఆగారక్కా అని అడిగింది. రేపల్లె నుంచి పుట్టింటి చీర రావాలి, నేనొచ్చిన రైలుకి అందుకోలేకపోయి ఉంటారు, తర్వాత రైలుకి వస్తారు, అని చెప్పాను. మా అమ్మ సంగతి, నాయనమ్మ కాళ్ళదగ్గర కూర్చున్న సంగతి కూడా చెప్పాను. తను కళ్ళు పెద్దవి చేసుకుని వింది. ఇంతలో ఆటో దిగి ఒక పెద్దాయన సంచీ పట్టుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. జనం దారిచ్చారు. చీర విప్పి ఆమె మీద కప్పుతుంటే మా పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"నాకు ఎవరు తెస్తారు అక్కా?"

మామ్మ లోపల నుంచి కసిరింది, పొద్దున్నే అవేం మాటలే అని. వాళ్ళలో చీర కప్పే పద్ధతి లేదని కూడా చెప్పింది, తెల్లబట్టేనని. ఈ పిల్లకి తెలియకా. తెలుసు. ఆ సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన ముసలాయన్నే చూస్తోంది.

"నేను తెస్తాలేవే" అన్నాను. "ఏ రంగు కావాలో చెప్పు."

"ఆకుపచ్చ. మా అమ్మ గట్టు మీద కట్టుకునేది" అన్నది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత రెండు వర్షాకాలాలు వెళ్ళాయో లేదో, కడుపులో గడ్డ అన్నారు. గుంటూరు తిప్పారు. మనిషి ఎండుచేపలా అయిపోయింది. జెల్లల పులుసు చేసి తీసుకెళితే వాసన చూసి పక్కన పెట్టేది. తల్లితో ఫోన్లో మాట్లాడేముందు ముసుగు సరిచేసుకుని, బుగ్గలు రుద్దుకునేది ఎర్రబడాలని. ఆ తల్లికి తెలియకుండా ఉంటుందా. వాడిన చేపని కనిపెట్టే మనిషి. కాగితాల కోసం ఆవిడ ఎక్కడెక్కడికో తిరిగిందట, ముసలిప్రాణం. వచ్చేలోపు ఏమీ కాకూడదని మా పిల్ల మొక్కని మొక్కు లేదు. కాగితాలు రాలేదు.

చివరికి ఒకరోజు నాతో, "అక్కా, చీర గుర్తుందా" అన్నది. నవ్వుతూ కాదు.

గుర్తుంది. కానీ మనిషి బతికుండగా ఆ చీర కొనరు. కొంటే చావు కోరినట్టు. అందుకని కొట్లముందు నుంచి వెళుతూ ఆకుపచ్చ చీర కనిపిస్తే మొహం తిప్పుకునేదాన్ని.

ఫోను వచ్చిననాడు నేను బాపట్లలో ఉన్నాను, మా అమ్మాయికి జ్వరమని వెళ్ళి. పొద్దున్నే మా అమ్మాయి ఫోనుకి చేశాడు ఆమె మగడు. "అక్కా, మీ చెల్లి లేదు" అన్నాడు. నేను చీర తీసుకుని వస్తున్నాను బాబూ, నేను వచ్చేదాకా ఉంచండి, అన్నాను. "సరే అక్కా" అన్నాడు.

మా అమ్మాయి దుప్పటి కప్పుకునే కూర్చుని, "ముందు నువ్వెళ్ళమ్మా, చీర తెనాల్లో కొనుక్కోవచ్చు, అక్కడ కొట్లు లేవా" అన్నది. పుట్టింటి చీర పుట్టింటి దిక్కు నుంచి రావాలి గాని, చావింటి ఊళ్ళో కొంటారటే, అని కేకలేశాను దాన్ని. కొట్లు పది దాటితే గాని తియ్యరు. మూసిన తలుపుల ముందు మెట్టు మీద కూర్చున్నాను. నా కళ్ళముందు రైళ్ళు పోతున్నట్టే ఉంది, అయినా నాకు తొందర లేదు. దుఃఖం ఉంది గాని తొందర లేదు. చీర లేందే ఎలా లేపుతారు? మా అమ్మ ఆగలేదూ?

మొదటి కొట్లో ఆకుపచ్చకి జరీ ఎక్కువ, అది పెళ్ళి చీరలా ఉంది. రెండో కొట్లో నేతచీర దొరికింది, లేత వరిమడి రంగు, సన్నంచు. ఆ చీరకి బేరమాడకూడదు, ఆడలేదు. కొట్టాయన ఏమనుకున్నాడో, ఎవరికమ్మా అని అడిగాడు. చెల్లెలికి అన్నాను. పసుపు, కుంకుమ, మట్టిగాజులు కూడా తీసుకున్నాను. వాళ్ళకవి పనికిరావని అప్పుడు తోచనే లేదు. పుట్టింటివాళ్ళు తెచ్చేవేవో అవి తెచ్చాను, అంతే.

అందిన బండి ఆగి ఆగి నడిచింది. తెనాలి స్టేషన్లో దిగి ఆటోలో సందు మొగకి వచ్చేసరికి జనం లేరు. చెప్పులు లేవు. గుమ్మం ముందు నీళ్ళు పారి ఎండిపోయిన చార ఉంది. మామ్మ ఒక్కతీ నా బేసిను దించే చోట కూర్చుని ఉంది. నా చేతిలో సంచీ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తీసుకుపోయారమ్మా" అన్నది.

నేను నిలబడిపోయాను. ఎలా తీసుకుపోతారు, నేను రాకుండా ఎలా తీసుకుపోతారు, అని అదే మాట అంటున్నానట. మామ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, మెల్లిగా ఒక్కొక్కటీ చెప్పింది. వాళ్ళలో ఆలస్యం చెయ్యకూడదు. ఎంత త్వరగా సాగనంపితే పోయినవాళ్ళకి అంత మంచిదంటారు. తనే స్నానం చేయించిందట. తెల్లవారుజామున పోయిన మనిషిని పొద్దున్నే తీసుకుపోవాల్సింది, ఆమె మగడు ఆపాడట. ఎప్పుడూ పెద్దలకి ఎదురు చెప్పనివాడు మసీదు పెద్దల ముందు నిలబడి, పుట్టింటివాళ్ళు రావాలి అన్నాడట. వాళ్ళు తెల్లబోయి, పిల్ల పుట్టిల్లు ఆ దేశంలో గదయ్యా, ఎట్లా వస్తారు, అని అడిగారట.

"అప్పుడేమన్నాడో తెలుసా? బాపట్ల నుంచి వస్తున్నారండి, అన్నాడు."

పెద్దలు సరే, మధ్యాహ్నం నమాజు దాకా చూద్దామన్నారట. నమాజు అయ్యాక ఇంకాసేపు ఆగారు. చివరికి ఎత్తుకున్నారు. సందు మొగలోకి వెళ్ళేసరికి రైలు కూత వినపడింది. అతను నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడట. మోసేవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, భుజాలు మార్చుకుంటున్నట్టు అక్కడే నిలబడ్డారు. భుజాలు మార్చుకుని, మళ్ళీ మార్చుకుని, ఎంతసేపో. స్టేషన్ వైపు నుంచి ఎవరూ రాలేదు. ఆ కూసింది గుంటూరు బండట.

నా చెల్లెలు కూడా ఆగింది. మా అమ్మకంటే ఎక్కువ ఆగినట్టే, ఆగకూడనివాళ్ళలో పుట్టి. చీరే అందలేదు.

సాయంత్రం అతను తిరిగి వచ్చాడు. మోకాళ్ళకి మట్టి. నన్ను చూసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. అప్పుడు ఫోను మోగింది. ఆ తల్లి.

పొద్దుట ఫోన్లోనే కూతురి మొహం చూసిందట. ఇప్పుడు నాకోసం చేసింది, నేను వచ్చానా లేదా అని. అతను ఫోను నావైపు పట్టుకున్నాడు. బాతుల చప్పుడు వినిపిస్తోంది. ఆమె నన్ను ఏం చేప అని అడగలేదు. నాకేం చెయ్యాలో తెలియక సంచీలోంచి చీర తీసి, మడత విప్పి, రెండు చేతులతో ఫోను ముందు పట్టుకున్నాను. చేపని పట్టుకున్నట్టు. ఆ తల్లి మొహం దగ్గరగా వచ్చింది. వేలితో ఫోను మీద రుద్దుతోంది, అంచు తడిమినట్టు. ఏడుస్తూ ఏదో చెప్పింది. అతను గోడవైపు తిరిగి చెప్పాడు.

"దాన్ని నువ్వు కట్టుకోమంటోంది అక్కా. ఒక కూతురికి పెట్టలేకపోయాను, నీకు పెడుతున్నాననుకో అంటోంది."

చీర ఇంటికి తెచ్చాను. మా కోడలు గడప లోపలికి రానివ్వలేదు. మనిషి మంచిదే, చెడ్డది కాదు, కానీ చావుకని బయలుదేరిన చీర ఇంట్లోకి రాకూడదంటారు గదా, అన్నది. తప్పేముంది, నేను నేర్పిందే. బయట చేపల సామాను పెట్టుకునే పాకలో, తాటాకుల బుట్టలో పెట్టాను. కట్టుకోలేదు.

నెలలు గడిచాక చెల్లెలి మగడు ఊరు వదిలేస్తున్నానని చెప్పాడు. పని తగ్గింది, గదిలో ఒక్కడూ ఉండలేకపోతున్నాడు. వాళ్ళ వైపు వెళ్ళే బండి తెనాలిలో ఆగే వేళకి నా బేరం అయిపోతుంది, వచ్చి కనపడతానన్నాను. ఆ పొద్దున పాకలోకి వెళ్ళి ఆకుపచ్చ చీర తీసి కట్టుకున్నాను. కోడలు చూసింది. రైల్లో మావాళ్ళు, ఏంటొదినా ఇవాళ కొత్తచీర, చేపలకి పెళ్ళా అని ఎగతాళి చేశారు. పుట్టింటివాళ్ళు పెట్టారు అన్నాను.

ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి అతను సంచులు కింద పెట్టేశాడు. ఫోను తీసి కలిపాడు. ఆ తల్లి చిక్కిపోయి ఉంది, బాతుల చప్పుడు లేదు. నన్ను పైనుంచి కిందదాకా చూపించమంది. అతను నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూపించాడు. అంత దూరాన, ఆ చిన్న అద్దంలో, ఆవిడకి చీర రంగు ఒకటే కనపడి ఉంటుంది.

మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. ఆమె అతి కష్టం మీద అడిగింది. అతను తిరిగి చెప్పక్కర్లేకపోయింది. ఏం చేప ఇవాళ, అని.

బేసిను ఖాళీ. అయినా చెప్పాను, "టెంగ్రా" అని. ఆమె తల ఊపి, "జెల్ల" అన్నది.

బండి కదిలింది. అతను ఫోను నావైపే పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు, ఆ తల్లి అందులోనే వెళ్ళిపోయింది. తర్వాత కోడలి చేత ఎన్నిసార్లో అతని నంబరుకి చేయించాను. అది పని చెయ్యటం లేదని చెబుతోంది.

ఆ సాయంత్రం రేపల్లెలో దిగి ఇంటికి వచ్చేసరికి గుమ్మం బయట చెంబుతో నీళ్ళు పెట్టి ఉన్నాయి, చావింటి నుంచి వచ్చినవాళ్ళకి పెట్టినట్టు. కోడలు తలుపు వెనక నిలబడి ఉంది. నేను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కాళ్ళు కడుక్కున్నాను. అది పక్కకి జరిగి దారిచ్చింది. చీర మార్చుకోమని అనలేదు.